ముక్కల మధ్య నడిచింది ఎవరు? బైబిలు నిబంధనల్లో రక్తం

(సాయంకాలపు బైబిలు తరగతిలో చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని టైపు చేశాం.)

అందరికీ వందనాలు. పాస్టరు అయ్యగారు నాకు ముప్పావు గంట ఇచ్చారు. గంట దాటితే మైకు ఆపేస్తామని కూడా చెప్పారు కాబట్టి నేరుగా విషయంలోకి వచ్చేస్తాను.

పోయిన వారం తరగతి అయిపోయాక మెట్ల దగ్గర ఒక అమ్మాయి నన్ను ఆపింది. ఇంటర్ చదువుతోందనుకుంటా. "అంకుల్, అసలు దేవుడికి రక్తం ఎందుకు కావాలి?" అని అడిగింది. నేనేం చేశాను? హెబ్రీ పత్రిక తొమ్మిదో అధ్యాయం చెప్పేశాను. "రక్తము చిందింపకుండ పాప క్షమాపణ కలుగదు" అన్నాను, చెప్పులేసుకున్నాను, వెళ్ళిపోయాను. ఇంటికెళ్ళాక సిగ్గేసింది. ఆ పిల్ల అడిగింది "ఎందుకు" అని. నేను చెప్పింది "అవును, కావాలి" అని. రెండూ ఒకటేనా? కాదు కదా.

అందుకే ఈ సాయంత్రం ఆ ప్రశ్న దగ్గరే కూర్చుందాం. అయితే బైబిల్లో రక్తం అంటే చాలా పెద్ద అడవి. నేను ఒక్క దారిలోనే వెళ్తాను. నిబంధన, అంటే ఒట్టుతో కట్టుబడే ఒప్పందం, చేసుకునేటప్పుడు రక్తం ఎందుకు వచ్చింది? అంతవరకే. పస్కా రక్తం వేరు. ఐగుప్తులో చివరి రాత్రి ద్వారబంధానికి పూసిన ఆ రక్తం కాపాడడానికి. ప్రాయశ్చిత్త దినపు రక్తం వేరు. అది శుద్ధి చేయడానికి. నిబంధన రక్తం పని ఇంకొకటి. మనం పాటల్లో, ప్రార్థనల్లో ఈ మూడిటినీ కలిపి ఒకే గిన్నెలో పోసేస్తాం. కలపడం తప్పని నేననడం లేదు, క్రొత్త నిబంధన రచయితలే కలిపారు. కానీ వాళ్ళు తెలిసి కలిపారు. మనం తెలియక కలుపుతున్నాం.

ముందు మాట సంగతి చూద్దాం. "బలి" అనగానే మనకు ఏం గుర్తొస్తుంది? ఊరి జాతర. అమ్మవారికి కోపం వచ్చింది, ఊళ్ళో రోగాలొచ్చాయి, వేటను కోసి శాంతింపజేయాలి. మనం పెరిగిన ఊళ్ళలో ఆ మాటకు ఉన్న అర్థం అదే. బైబిలును తెలుగు చేసినవాళ్ళు ఆ మాటనే వాడారు, వాడక తప్పదు, ఇంకో మాట ఎక్కడుంది? కానీ మాటతో పాటు బొమ్మ కూడా వచ్చేసింది. దేవుడు కోపంగా ఉన్నాడు, రక్తం చూపిస్తే చల్లబడతాడు అని. ఆ బొమ్మను పట్టుకుని ఆదికాండం 15 చదివితే అధ్యాయం తలకిందులైపోతుంది. చూడండి, అక్కడ దేవుడికి కోపమే లేదు. అబ్రాము (తర్వాత అబ్రాహాము అయినవాడు) మీద ఆయనకు ఏ ఫిర్యాదూ లేదు.

హెబ్రీ భాషలో "నిబంధన చేయడం" అని చాలాచోట్ల అనరు. "కారత్ బెరీత్" అంటారు. కారత్ అంటే కోయడం, నరకడం. బెరీత్ అంటే నిబంధన. నిబంధనను కోశారు! మన తెలుగు మాటలో ఏముంది? నిబంధన, అంటే బంధం, కట్టడం, ముడి. పెళ్ళికి మూడు ముళ్ళు. తెంచుకుంటే తెగతెంపులు. కలిసేదానికి ముడి, విడిపోయేదానికి కోత. హెబ్రీవాళ్ళకు కలిసేటప్పుడే కోత. వింతగా లేదూ?

లేదండీ, మనకూ ఉంది. మా నాన్న ఎడ్ల సంతకు తీసుకెళ్ళేవాడు చిన్నప్పుడు. తువ్వాలు కింద చేతులు పెట్టి వేళ్ళతో ధర చెప్పుకునేవాళ్ళు, పక్కవాడికి తెలియకుండా. చాలాసేపయ్యాక దళారి లేచి ఏమనేవాడు? "బేరం తెగింది." తెగింది అంటే? చెడిపోయిందని కాదు, కుదిరిపోయిందని! ఇక వెనక్కి పోయేది లేదు, మాట మాటే. పెద్దవాళ్ళు తలూపుతున్నారు, మీకు తెలుసు. హెబ్రీవాడి "కారత్" మన సంతలో ఎప్పటినుంచో ఉంది.

సరే, ఆదికాండం 15. కానాను దేశంలో ఒక ముసలాయన, ఈ అబ్రామే, పిల్లల్లేరు. నీ సంతానం నక్షత్రాలంత అవుతుందని దేవుడు చెప్పాడు, ఆయన నమ్మాడు. ఆ వెంటనే ఈ దేశం నీకిస్తానన్నాడు. ఇక్కడ అబ్రాము ఒక ప్రశ్న అడిగాడు. ఎనిమిదో వచనం, తీయండి. ఇది నాదవుతుందని నాకెట్లా తెలుస్తుంది? అంటే, సాక్ష్యం ఏంటి స్వామీ అని. ఈ ప్రశ్న మర్చిపోకండి. రక్తం ఈ ప్రశ్నకు జవాబుగా వచ్చింది.

దేవుడు ఏం తెమ్మన్నాడు? మూడేండ్ల పెయ్య, మూడేండ్ల మేక, మూడేండ్ల పొట్టేలు, ఒక తెల్ల గువ్వ, ఒక పావురపు పిల్ల. అబ్రాము వాటిని తెచ్చి నడిమికి ఖండించి ఆ ఖండాలను ఎదురెదురుగా పెట్టాడు. పక్షులను మాత్రం కోయలేదు. ఇప్పుడొక విషయం చూడండి. బలిపీఠం ఉందా? లేదు. నిప్పు మీద కాల్చాడా? లేదు. రక్తం పట్టాడా, చల్లాడా? ఒక్క మాట లేదు. ఇంకా ఆశ్చర్యం, దేవుడు "వీటిని ఇలా కోయి" అని కూడా చెప్పినట్టు లేదు. తెమ్మన్నాడు, అంతే. ఏం చేయాలో అబ్రాముకు ఎట్లా తెలుసు?

తెలుసు. ఎందుకంటే ఆ కాలంలో ఆ దేశాల్లో అందరికీ తెలిసిన పద్ధతి అది.

సిరియాలో యూఫ్రటీసు ఒడ్డున మారి అని ఒక పాత నగరం. 1933 నుంచి ఫ్రెంచివాళ్ళు అక్కడ తవ్వితే మట్టిపలకల మీద వేలకొద్దీ ఉత్తరాలు దొరికాయి. క్రీస్తుపూర్వం 18వ శతాబ్దానివి. అందులో ఒక అధికారి తన రాజు జిమ్రీలీముకు రాసిన ఉత్తరం ఉంది. రెండు వర్గాల మధ్య ఒప్పందం కుదర్చడానికి వెళ్ళాడు. వాళ్ళు చంపడానికి కుక్కపిల్లను తెచ్చారట. ఈయన ఒప్పుకోలేదు. మా రాజుగారి మర్యాద ఏం కావాలని, గాడిదపిల్లను చంపించి ఒప్పందం చేయించాడు. ఆ భాషలో "గాడిదపిల్లను చంపడం" అంటేనే ఒప్పందం చేసుకోవడం! మన రిజిస్ట్రారు ఆఫీసులో స్టాంపు పేపరు తక్కువ విలువది తెస్తే గుమాస్తా వెనక్కి పంపుతాడు చూడండి, అలాంటి గొడవ.

ఇంకొకటి. ఇది కొంచెం తర్వాతి కాలానిది, క్రీస్తుపూర్వం 8వ శతాబ్దం. అలెప్పో దగ్గర సెఫీరే అనే చోట రాతి శాసనాలు దొరికాయి, అరామిక్ భాషలో. అర్పాదు రాజు మతీయేలు ఒప్పందం అది. అందులో, ఈ దూడను ఎట్లా నరుకుతున్నారో, మాట తప్పితే మతీయేలునూ అట్లాగే నరకాలి అని ఉంది. ఇదే మతీయేలు అష్షూరు (అస్సీరియా) రాజు ఐదో అష్షూర్ నిరారితో కూడా ఒక ఒప్పందం చేసుకున్నాడు. అక్కడ గొర్రెపిల్లను తెచ్చారు. శాసనం చాలా స్పష్టంగా చెబుతుంది, ఈ గొర్రెపిల్లను తెచ్చింది బలి కోసం కాదు, విందు కోసం కాదు. దాని తల కోసి, ఇది గొర్రెపిల్ల తల కాదు, మతీయేలు తల అంటుంది. అంటే ఈ మనిషి ఇద్దరి దగ్గరా తల తాకట్టు పెట్టాడన్నమాట. చివరికేమైంది? క్రీస్తుపూర్వం 740లో అష్షూరు సైన్యం అర్పాదును పట్టేసింది. అర్పాదు పేరు మన బైబిల్లోనూ ఉంది. అర్పాదు రాజు ఎక్కడ అని అష్షూరువాడు యూదా రాజు హిజ్కియా మనుషులను వెక్కిరిస్తాడు, గుర్తుందా?

కాబట్టి కోసిన జంతువు దేవుడికి పెట్టే భోజనం కాదు. అది ఒట్టు పెట్టుకునేవాడి బొమ్మ. మనం పిల్లవాడి తల మీద చెయ్యేసి ఒట్టేస్తాం. ఎందుకు? తప్పితే దీనికి ఏదైనా కావాలి అని. నోటితో అనం, చెయ్యి చెబుతుంది. వాళ్ళు ఆ ముక్కల మధ్య నడిచేవాళ్ళు. తప్పితే నాకు ఇదే గతి అని కాళ్ళు చెబుతాయి.

ఇది నా ఊహ అనుకునేరు. యిర్మీయా 34 తీయండి, పద్దెనిమిది నుంచి ఇరవై వరకు. యెరూషలేము బబులోను ముట్టడిలో ఉంది. భయంతో సిద్కియా రాజు, పెద్దలు, అందరూ కలిసి హెబ్రీ దాసదాసీలను విడిచిపెడతామని దేవుని ఎదుట నిబంధన చేశారు. దూడను రెండుగా కోసి ముక్కల మధ్య నడిచారు. విడిచిపెట్టారు కూడా. తర్వాత ఐగుప్తు సైన్యం వస్తోందని తెలిసి బబులోనువాళ్ళు కొంత వెనక్కి తగ్గారు. వెంటనే వీళ్ళేం చేశారు? విడిచిపెట్టినవాళ్ళను మళ్ళీ పట్టుకొచ్చి దాసులను చేశారు! టెన్షన్ తగ్గింది, మాట పోయింది. మనకు తెలియని సంగతా ఇది? ఆస్పత్రి వరండాలో చేసిన మొక్కుబళ్ళు డిశ్చార్జి రోజు గుర్తుంటాయా? అప్పుడు దేవుడంటాడు, దూడ ముక్కల మధ్య నడిచారుగా, మీ శవాలు ఆకాశపక్షులకు ఆహారమవుతాయి అని. తాము నడిచిన ఒట్టే వాళ్ళ మీద పడింది.

ఆకాశపక్షులు. ఇప్పుడు మళ్ళీ ఆదికాండం 15కి రండి. పదకొండో వచనం. గద్దలు ఆ కళేబరాల మీద వాలితే అబ్రాము తోలేశాడు. చిన్నప్పటినుంచి చదువుతున్నాను, ఈ వచనం ఎందుకుందో నాకు అర్థమయ్యేది కాదు. కథకు అక్కర్లేని ముక్కలాగా ఉండేది. యిర్మీయా చదివాక ఒళ్ళు జలదరించింది. పక్షులు తినడమంటే నిబంధన తప్పినవాడికి వచ్చే గతి. ఇంకా నిబంధన కాకముందే పక్షులు వచ్చేశాయి. ముసలాయన కర్ర పట్టుకుని పొద్దుగుంకేదాకా వాటిని తోలుతూ కూర్చున్నాడు.

తర్వాత గాఢనిద్ర. కటిక చీకటి. నడవాల్సిన సమయం వచ్చింది. ఎవరు నడవాలి? పద్ధతి ప్రకారం ఇద్దరిలో ఎవరు చిన్నవాడైతే వాడు నడవాలి, లేకపోతే ఇద్దరూ. సిద్కియా కాలంలో పెద్దలు నడిచారు, బబులోను రాజు ముందు కాదు, దేవుని ముందు. ఇక్కడ అబ్రాము నడవాలి. కానీ అబ్రాము ఎక్కడున్నాడు? నిద్రలో ఉన్నాడు! రాజుచున్న పొయ్యి, అగ్నిజ్వాల, ఇవి ఆ ఖండాల మధ్య నడిచిపోయాయి. పొగ, నిప్పు. రేపు సీనాయి కొండ మీద దేవుడు దిగినప్పుడు కనబడేది ఏంటి? పొగ, నిప్పు. నడిచింది దేవుడు. ఒక్కడే.

ఇక్కడ పండితులందరూ ఒక్క మాట మీద లేరని చెప్పాలి. దేవుడు తన మీద తానే శాపం పెట్టుకుంటాడా, ఇది ఇశ్రాయేలు మధ్య ఆయన నడవడానికి గుర్తు మాత్రమే అనేవాళ్ళున్నారు. నాకు మాత్రం యిర్మీయా 34 పక్కన పెట్టి చదివితే ఇంకోలా చదవడం కుదరడం లేదు. ఈ భూమి నీకివ్వకపోతే నాకు ఈ గతి పట్టుగాక అని దేవుడు అన్నట్టే ఉంది.

ఇప్పుడు ఆ అమ్మాయి ప్రశ్న. వచ్చిందా ఇవాళ? అదిగో, వెనక కూర్చుంది. చూడమ్మా, నువ్వు అడిగింది దేవుడికి రక్తం ఎందుకు కావాలి అని. ఈ అధ్యాయంలో దేవుడికి రక్తం కావాల్సిరాలేదు. నాకెట్లా తెలుస్తుంది అని అడిగింది అబ్రాము. గ్యారంటీ కావాల్సింది మనిషికి. ఆ కాలపు మనిషికి అర్థమయ్యే గ్యారంటీ అదొక్కటే, కోసిన ముక్కల మధ్య నడవడం. దేవుడు ఆ మనిషి భాషలోకి దిగివచ్చాడు. సంతమనిషికి సంతభాషలో చెప్పినట్టు.

పదిహేడో అధ్యాయంలో ఇంకో కోత ఉంది, సున్నతి. దాని మీద ఎక్కువసేపు ఉండను. ఒక్క విషయం. సున్నతి పొందనివాడు తన జనులలోనుంచి కొట్టివేయబడతాడని పద్నాలుగో వచనం. ఆ "కొట్టివేయబడడం" హెబ్రీలో మళ్ళీ "కారత్" మాటే. కోయించుకోనివాణ్ణి కోసేస్తారు. హెబ్రీ వినేవాడికి ఆ మాటల ఆట వెంటనే అర్థమవుతుంది, తెలుగులో పోయింది.

ఇక సీనాయి కొండ దగ్గర ఇశ్రాయేలు జనంతో చేసిన నిబంధన. నిర్గమకాండం 24. ఇక్కడ పని వేరు, అందుకే రక్తం వాడిన తీరూ వేరు. మోషే బలిపీఠం కట్టాడు, పన్నెండు గోత్రాలకు పన్నెండు స్తంభాలు నిలబెట్టాడు. యౌవనస్థులు దహనబలులు, సమాధానబలులు అర్పించారు, కోడెలను. రక్తంలో సగం పళ్ళేల్లో పోశాడు. సగం బలిపీఠం మీద చల్లాడు. ఆగండి, పళ్ళేల్లో ఉన్న సగం వెంటనే జనం మీద చల్లాడా? లేదు! మధ్యలో ఏం చేశాడు? నిబంధన గ్రంథం తీసి చదివాడు. అందరికీ వినబడేలా. వాళ్ళు సరే, చేస్తాం అన్నారు. అంతకుముందు మూడో వచనంలోనూ ఒకసారి అన్నారు. రెండుసార్లు ఒప్పుకున్నాక అప్పుడు మిగిలిన సగం వాళ్ళ మీద పడింది. ఒప్పుకోకముందు ఒక్క చుక్క పడలేదు. సంతకం పెట్టకముందు చదివి వినిపించడం మన దగ్గర ఎంతమంది చేస్తారు? లోను కాగితాలు ఎవరైనా చదివారా?

తెలుగు బైబిల్లో "ప్రోక్షించెను" అని ఉంటుంది. ప్రోక్షణ అంటే మనకు మామిడాకుతో నాలుగు చుక్కలు. హెబ్రీలో ఇక్కడి మాట "జారక్". వేలితో చిలకరించడానికి ఇంకో మాట ఉంది. ఇది పళ్ళెం ఎత్తి విసిరి కొట్టడం. అంటే బట్టల మీద మరకలు పడ్డాయి, ముఖాల మీద పడ్డాయి. ఆ రోజు గుడారాలకు తిరిగి వెళ్ళినవాళ్ళను ఊహించుకోండి. పిల్లలు ఏమడిగి ఉంటారు?

అవే కోడెలు. రక్తం ఒకటే. సగం దేవుని వైపు, సగం జనం వైపు. ఇక్కడ కోత కన్నా కలపడం ఎక్కువ. రక్తసంబంధం అంటామే, అది. ఇంకొకటి. అహరోనును యాజకుడిగా ప్రతిష్ఠించినప్పుడు రక్తం కుడిచెవికి, కుడిచేతి బొటనవేలికి, కుడికాలి బొటనవేలికి పూశారు, లేవీయకాండం 8. యాజకుడికి. మరి సీనాయిలో ఎవరి మీద పడింది? జనమందరి మీదా! నిర్గమకాండం 19లో, మీరు నాకు యాజక రూపమైన రాజ్యంగా ఉంటారని చెప్పాడు కదా, అది ఇక్కడ చేసి చూపించారు. ఒక జనాంగం మొత్తం మీద రక్తం చల్లడం పాత నిబంధనలో నాకు మళ్ళీ ఎక్కడా కనబడలేదు.

తర్వాత డెబ్బైమంది పెద్దలు కొండెక్కారు, దేవుణ్ణి చూశారు, తిన్నారు, తాగారు. నిబంధన భోజనంతో ముగిసింది. బాగుంది కదా? నలభై రోజులు గడవకముందే దూడ బొమ్మ చేసుకున్నారు. మాట తప్పారు. ఒట్టు ప్రకారం ఏం జరగాలి? ముక్కలు కావాలి. అయ్యాయి. కానీ ముక్కలైంది మనుషులందరూ కాదు, మోషే చేతిలోని ఆజ్ఞల రాతిపలకలు. శిక్ష అసలు లేదని కాదు, మూడువేలమంది పోయారని 32లో ఉంది. అయితే జనాంగం మిగిలింది. 34వ అధ్యాయంలో దేవుడు మళ్ళీ నిబంధన "కోశాడు", అదే మాట. అక్కడ నిబంధన కోసం రక్తం చల్లినట్టు మాత్రం ఒక్క మాట లేదు.

అయ్యగారు గడియారం చూస్తున్నారు. గిన్నె దగ్గరికి వచ్చేద్దాం.

చనిపోయే ముందు రాత్రి మేడగదిలో యేసుప్రభువు ద్రాక్షారసపు గిన్నె ఎత్తి ఏమన్నాడు? మత్తయి 26: "ఇది నా రక్తము, అనగా పాపక్షమాపణ నిమిత్తము అనేకులకొరకు చిందింపబడుచున్న నిబంధన రక్తము." "నిబంధన రక్తము" అనేది ఎక్కడి మాట? సీనాయిలో మోషే అన్న మాట. ఆ బల్ల చుట్టూ ఉన్న ప్రతి యూదుడికీ తెలుసు. లూకాలో, పౌలు కొరింథీయులకు రాసినదానిలో "క్రొత్త నిబంధన" అని ఉంది. అది యిర్మీయా 31. విచిత్రం, యిర్మీయా 31లో రక్తమే లేదు! నా ధర్మశాస్త్రాన్ని వాళ్ళ హృదయం మీద రాస్తాను అంటాడు దేవుడు, అంతే. రక్తం ఉన్న నిర్గమకాండం 24ను, రక్తం లేని యిర్మీయా 31ను ఒకే గిన్నెలో కలిపాడు ప్రభువు. "పాపక్షమాపణ నిమిత్తము" అన్న మాట ఈ సందర్భంలో మత్తయి ఒక్కడే రాశాడు. నేను మొదట చెప్పిన కలపడం ఇదే, తెలిసి కలపడం.

సీనాయిలో రక్తం ఒంటి మీద పడింది. ఇక్కడ తాగమంటున్నాడు. లేవీయకాండం 17 రక్తం తినకూడదని ఎంత గట్టిగా చెబుతుంది! గిన్నెలో ఉన్నది ద్రాక్షారసమే, అయినా ఆ మాట వినగానే వాళ్ళ గొంతులో ఏమనిపించి ఉంటుంది? మనకు అలవాటైపోయింది. నెలకోసారి బల్ల ఆదివారం, చిన్న గ్లాసు, పక్కవాడికి అందించడం.

చివరిగా నేను మెట్ల దగ్గర వాడిన వచనం. హెబ్రీ 9:22. నేను సగమే చెప్పాను. మన తెలుగు బైబిల్లో ఆ వచనం చివర "సామాన్యముగా చెప్పవచ్చును" అని ఉంది. చూసుకోండి. గ్రీకులోనూ "ఇంచుమించు" అనే మాట ఉంది. ఎందుకు ఆ జాగ్రత్త? ఆ రచయితకు లేవీయకాండం 5:11 తెలుసు. గువ్వలు కూడా కొనలేని పేదవాడు పాపపరిహారార్థం పిండి తేవచ్చు. పిండిలో రక్తం ఎక్కడుంది? పేదవాడి కోసం ధర్మశాస్త్రమే పక్కకు జరిగింది. మనం ఆ "సామాన్యముగా" మింగేసి వచనాన్ని కత్తిలా వాడతాం. నేనే వాడాను.

అదే అధ్యాయంలో పదహారో వచనం దగ్గర మన తెలుగు పాఠకుడు తడబడతాడు. పదిహేనులో "క్రొత్త నిబంధన" అని చదువుతాం, పదహారులో ఉన్నట్టుండి "మరణశాసనము" వస్తుంది. వీలునామా ఎక్కడి నుంచి వచ్చింది? గ్రీకులో రెండుచోట్లా ఒకే మాట, దియాథేకే. నిబంధన అన్నా అదే, వీలునామా అన్నా అదే. రచయిత ఆ రెండర్థాల మీద నడిచాడు. రాసినవాడు చనిపోతేనే వీలునామా చెల్లుతుంది. తెలుగు చేసినవాళ్ళు రెండు మాటలు వాడక తప్పలేదు. అందుకని ఆ చోట పెన్సిలుతో ఒక గీత గీసి రెండిటినీ కలుపుకోండి. ఆ గీత లేకపోతే వాదన అర్థం కాదు.

అమ్మా, నీ ప్రశ్న పూర్తిగా తీరిందని నేననుకోవడం లేదు. ప్రాయశ్చిత్తం సంగతి నేను ముట్టుకోనేలేదు, దానికి లేవీయకాండం 16 దగ్గర ఒక సాయంత్రం కూర్చోవాలి. వచ్చే వారం మాత్రం దావీదు నిబంధన. రెండో సమూయేలు 7 చదువుకుని రండి. మొత్తం అధ్యాయంలో ఎక్కడైనా కోసిన జంతువు కనబడుతుందేమో వెతకండి. దొరికితే నాకు చూపించండి, నాకైతే దొరకలేదు.